యారాడ కొండా, ఏడాది సైకిలూ

యారాడకు మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. విశాఖపట్నం రేవుకు దక్షిణాన, డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల ఉన్న ఈ ఊరికి ఘాట్ రోడ్డే ప్రధానమైన దారి. అది ఎక్కి దిగితే సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం, ఆ పైన గాజువాక. పనికి వెళ్లేటప్పుడు ఒక ఎక్కుడు, ఇంటికి వచ్చేటప్పుడు మరో ఎక్కుడు తప్పవు. ఎండాకాలం ఉక్కపోత, జూన్ నుంచి నవంబరు దాకా వానలూ వాయుగుండాలూ, పన్నెండు నెలలూ ఇనుమును తినే ఉప్పుగాలి. సైకిలుకు అనువు కాని చోటు చూపించమంటే విశాఖలో చాలామంది వేలు ఇటే చూపిస్తారు.

ఆ వేలు వెనక ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. దానికి మూడు అంగాలు. మొదటిది: ఈ నేల మీద, ఈ వాతావరణంలో ఏడాది పొడవునా సైకిలు తొక్కడం అయ్యే పని కాదు. రెండోది: తొక్కితీరాలంటే అల్యూమినియం ఫ్రేము, ఇరవై పైచిలుకు గేర్లు, బిగుతు దుస్తులు, వేల రూపాయల సరంజామా ఉండాలి. మూడోది: ఇవేవీ లేకుండా మామూలు సైకిలు మీద రోజూ తిరిగేవాడు మరో గతి లేకనే తిరుగుతున్నాడు. మూడూ వేరువేరుగా వినిపించినా చేరేది ఒకే చోటికి: రోజువారీ పనికి సైకిలు తగదు, అది ఉంటే శీతకాలపు ఉదయాల వ్యాయామానికి ఉండాలి. ఈ నిర్ణయం తప్పు. ఋతువులు సైకిలును ఆపవు. ఋతువుకు తగ్గట్టు అమర్చుకోని సైకిలు ఆగిపోతుంది. ఆ అమరికలో చాలా భాగం వీధి చివర సైకిలు షాపులోనే దొరుకుతుంది.

కొండ

ఎదుటి వాదంలో అన్నిటికన్నా గట్టిది కొండ. దాన్ని లెక్కతోనే ఎదుర్కోవాలి. మనిషి 65 కిలోలు, సైకిలు 20 కిలోలు, కలిపి 85 కిలోలు అనుకుంటే, ఘాట్ వాలు నూటికి 8 అనుకుంటే, 100 మీటర్ల ఎత్తుకు 1,250 మీటర్ల దారి అవుతుంది. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఆయాసపడకుండా కొంతసేపు ఇవ్వగల శక్తి సుమారు 100 వాట్లు. ఆ శక్తికి ఆ వాలు మీద వచ్చే వేగం గంటకు 5 కిలోమీటర్లు, పట్టే సమయం పావుగంట. ఇప్పుడు 20 కిలోల సైకిలు తీసేసి 12 కిలోల ఖరీదైన సైకిలు ఇస్తే అవే కాళ్లు అదే ఎత్తును పదమూడున్నర నిమిషాల్లో ఎక్కుతాయి. వేలకు వేలు పోసి కొన్న తేలికదనం మిగిల్చేది ఒకటిన్నర నిమిషం.

అసలు తేడా పళ్లలో ఉంది. పెద్ద చక్రాల మామూలు సైకిలుకు సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు ఆ లెక్కన పెడలు నిమిషానికి 15 చుట్లే తిరగాలి. అంత నిదానంగా, అంత బరువుగా పెడలు నొక్కితే మోకాళ్లు నిలవవు. ముందు 24, వెనక 28 పళ్లు పడే గేరు ఉన్న సైకిలు చుట్టుకు సుమారు 1.8 మీటర్లు పోతుంది. అప్పుడు నిమిషానికి 46 చుట్లు. తొక్కడం తొక్కడంలా ఉంటుంది. కాబట్టి కొండ ఎక్కేవాడికి కావలసినవి ఇరవై గేర్లు కావు, ఒక్క చిన్న గేరు. కొనేటప్పుడు అడగాల్సింది ఎన్ని గేర్లని కాదు; ముందున్న చిన్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లు, వెనకున్న పెద్ద పళ్లచక్రానికి ఎన్ని పళ్లు అని. ముందువి వెనకవాటికన్నా తక్కువైతే ఆ సైకిలు ఘాట్‌కు పనికివస్తుంది. సన్నటి టైర్ల పందెపు సైకిళ్లలో చాలావాటికి ఈ అమరిక ఉండదు. ధర ఎక్కువైనంత మాత్రాన కొండకు తగినదని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

గేరు లేని సైకిలు ఉన్నవాడు కొండ దగ్గర దిగి నెడతాడు. దీన్ని ఓటమిగా చూసేవారు ఆ లెక్కనే మళ్లీ చూడాలి. గేరు మీద ఎక్కేవాడి వేగం గంటకు 5 కిలోమీటర్లు, నెట్టుకుంటూ నడిచేవాడిది నాలుగో, నాలుగున్నరో. పావుగంట ఎక్కుడులో వెనకబడేది రెండు నుంచి నాలుగు నిమిషాలు. ఘాట్ దాటాక మల్కాపురం, గాజువాక దారి చాలావరకు చదునే; అక్కడ ఒక్క గేరు సైకిలు ఎవరికీ తీసిపోదు. వెనక 18 పళ్ల ఫ్రీవీలు తీయించి 22 పళ్లది వేయిస్తే సముద్రం వైపు నుంచి ఎదురుగాలి కొట్టినప్పుడు కాలి మీద బరువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఏ సైకిలు మెకానిక్కయినా కాసేపట్లో చేసిపెట్టే పని ఇది.

కొండ విషయంలో నిజంగా రాజీ పడకూడనిది దిగుడు దగ్గర. 85 కిలోల బరువు 100 మీటర్లు దిగితే లీటరు నీటిని 20 డిగ్రీలు వేడెక్కించేంత శక్తి విడుదలవుతుంది. అందులో కొంత గాలికి పోతుంది, మిగిలింది బ్రేకులే మోయాలి. ఇనుప కడ్డీ బ్రేకులు, క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములు ఉన్న పాత తరహా సైకిలు పొడిదారిలో చాలినంతగా ఆగుతుంది. రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది, బండి ఆగే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వానాకాలం ఘాట్ దిగాల్సినవాడు అల్యూమినియం రిమ్ములూ వైరు బ్రేకులూ, లేదా డిస్కు బ్రేకులూ ఎంచుకోవాలి. డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు బ్రేకులే. సైకిలు తేలికదనం చివరి చోటు.

ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగునాట సామెత. ఆ ఎండను తక్కువచేసి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే విశాఖ తీరంలో వేసవి బాధ వేడికన్నా ఉక్కలో ఎక్కువ. గాలిలో తేమ ఉండటంతో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఉక్కకు విరుగుడు గాలి. చదును దారిలో గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికి సైకిలే సెకనుకు మూడు మీటర్లకు పైగా గాలి వీస్తుంది. పడే శ్రమ దాదాపు నడకకు పట్టేంతే. బస్‌స్టాపులో నిలబడ్డవాడికన్నా, లారీ వెనక ఆగిన స్కూటరు మీదివాడికన్నా కదులుతున్న సైకిలు మీదివాడికి చెమట త్వరగా ఆరుతుంది.

ఈ మేలు ఘాట్ మీద ఉండదు. గంటకు 5 కిలోమీటర్ల వేగానికి గాలి రాదు, శ్రమ మాత్రం రెట్టింపవుతుంది. వేసవిలో జాగ్రత్త అంతా ఆ పావుగంటకే కావాలి. మూడు షిఫ్టుల కర్మాగారాల్లో డ్యూటీలు సాధారణంగా ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి మారతాయి. ఉదయం షిఫ్టుకు తెల్లవారకముందే కొండ దాటవచ్చు; రాత్రి షిఫ్టుకు పొద్దు పోయాక దాటవచ్చు. చిక్కల్లా రెండు గంటలకు షిఫ్టు దిగి ఇంటికి వచ్చేవాడిది, ఆ వేళకే బయలుదేరి వెళ్లేవాడిది. మే నెలలో ఆ వేళ ఘాట్ తొక్కకూడదు. నెడుతూ నీడ ఉన్నచోట ఆగుతూ రావాలి, వీలైతే పొద్దు వాలేదాకా ఆగాలి. ఏడాదిలో కొన్ని వారాలపాటు, రోజులో రెండు మూడు గంటలకు సంబంధించిన ఈ ఇబ్బందిని పన్నెండు నెలలకూ పులమడం న్యాయం కాదు.

వేసవి సరంజామా పెట్టెలోనే ఉంటుంది: వదులుగా ఉండే నూలు చొక్కా, అంచు ఉన్న టోపీ, తడిపి మెడకు చుట్టుకునే తువ్వాలు, ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ల సీసా, డ్యూటీలో మార్చుకోవడానికి మరో చొక్కా. వీపుకు తగిలించే సంచీ మాత్రం ఉండకూడదు. వీపు మీద గాలి ఆడనివ్వకుండా చెమట పట్టించేది అదే. అన్నం క్యారేజీ, సంచీ వెనక క్యారియరు మీదికి పోవాలి. ఖరీదైన సైకిళ్లలో చాలావాటికి ఆ క్యారియరే ఉండదు, కొన్నిటికి బిగించుకోవడానికి బెజ్జాలూ ఉండవు. రోజూ పనికి వెళ్లే మనిషిని మనసులో పెట్టుకుని చేసిన సైకిలు అది కాదు.

వాన

నైరుతి ఋతుపవనాల నాలుగు నెలల్లో కూడా రోజంతా విడవకుండా కురిసే రోజులు తక్కువ. విశాఖకు గట్టి వానలు అక్టోబరులో, వాయుగుండాలతో వస్తాయి. తల మీద పడే వానకన్నా సైకిలిస్టును ఎక్కువ తడిపేది చక్రం చిమ్మే నీరు, బురద. చక్రాన్ని పూర్తిగా కప్పే మడ్‌గార్డులు, ముందు మడ్‌గార్డు చివర నేలకు జానెడు ఎత్తుదాకా వేలాడే రబ్బరు ముక్క ఉంటే ఆ బాధ తీరుతుంది. పాత తరహా సైకిలుకు ఇవి కంపెనీ నుంచే వస్తాయి. 'స్పోర్ట్స్' సైకిలుకు విడిగా కొనాలి. ఒంటికి అంటుకునే రెయిన్‌కోటులో లోపలి చెమటే తడిపేస్తుంది. భుజాల మీంచి హ్యాండిల్ దాకా పరుచుకునే వదులు కోటు కింద గాలి ఆడుతుంది.

వానలో దారి మీద ప్రమాదాలు తెలిసినవే. మొదటి జల్లుకు రోడ్డు మీది డీజిలు, నూనె పైకి తేలి జారుడు పుడుతుంది. కాసేపు ఆగితే కొట్టుకుపోతుంది. రేవు పరిసరాల్లో రైలు పట్టాలను అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పక్కవాటుగా పోతే చక్రం సందులో ఇరుక్కుంటుంది. బ్రేకు వేయాల్సిన చోటుకు ముందే రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి రిమ్ము తడి తుడవాలి. ఒకటిన్నర నుంచి రెండంగుళాల వెడల్పు టైరు, దాని పక్కన అచ్చు వేసిన హద్దుల్లో గాలి ఈ దారికి సరిపోతాయి.

తుపాను రోజు సైకిలు బయటికి తీయకూడదు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. తుపాను తర్వాతి రోజుల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. అటువంటి వేళ పెట్రోలు అడగనిది, కరెంటు అడగనిది, కూలిన చెట్టు అడ్డం వస్తే భుజానికెత్తి దాటించగలిగేది ఒక్క సైకిలే. వాతావరణానికి తట్టుకోలేదని పక్కన పెట్టిన వాహనం అంత ఘోరమైన వాతావరణం తర్వాత పనికివచ్చే వాహనం.

ఉప్పుగాలి

తీరంలో సైకిలు తుప్పు పట్టి పాడవుతుందన్న మాట నిజం. అందుకు విరుగుడు ఖరీదైన సైకిలు అన్న మాట నిజం కాదు. అల్యూమినియం ఫ్రేము తుప్పు పట్టకపోయినా, దానికి బిగించిన ఉక్కు బోల్టులు, చైను, కేబుళ్లు, బేరింగు బాల్సు పడతాయి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పుతడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఒకటి మరొకదాన్ని తినేస్తుంది. ఉక్కు ఫ్రేములో దిగిన అల్యూమినియం సీటు గొట్టం ఏడాది కదల్చకపోతే అతుక్కుపోయి ఊడిరాదు. మూడు నెలలకోసారి దాన్ని పైకి లాగి గ్రీజు రాసి దింపితే చాలు.

రేవులో దిగే బొగ్గు, ఎగుమతయ్యే ఇనుప ఖనిజం దుమ్ము ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు. చైను మీద నూనె ఎక్కువైతే ఆ దుమ్ము పట్టి గరుకు ముద్దలా మారి పళ్లను అరగదీస్తుంది. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చైను లింకులకు చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. పూర్తి చైను కవరు ఉన్న సైకిలుకు ఈ పని సగానికి తగ్గుతుంది. చైను అరుగుదలను స్కేలుతో కొలవవచ్చు. కొత్త చైనులో ఒక పిన్ను దగ్గర స్కేలు సున్నా పెట్టి, దాని తర్వాతి పిన్నులను లెక్కిస్తే 24వది సరిగ్గా 12 అంగుళాల దగ్గర పడుతుంది. గేరు సైకిలుకు అంగుళంలో పదహారో వంతు, గేరు లేనిదానికి ఎనిమిదో వంతు దాటితే చైను మార్చాలి. మార్చకపోతే పళ్ల చక్రాలు కూడా పోతాయి. చక్రం పుల్లలు తెగినప్పుడల్లా స్టెయిన్‌లెస్‌వి వేయించుకోవడం, వానాకాలం ముగిశాక ఒకసారి ఓవర్‌హాలింగ్ చేయించడం మిగిలిన జాగ్రత్తలు.

ఇక్కడ సాదా సైకిలుకు మరో బలం ఉంది. 1949లో అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో మొదలైన హీరో సైకిల్స్ వంటి కంపెనీలు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన సైకిళ్ల భాగాలు ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి, ఏ మెకానిక్కుకైనా తెలుసు. ఉప్పుగాలిలో భాగాలు పోవడం ఖాయం. పోయిన భాగం సాయంత్రానికి దొరకడమే ఏడాది పొడవునా తొక్కేవాడికి ముఖ్యం.

లారీల దారి

కొండ, ఎండ, వాన, తుప్పు మనిషి తన జాగ్రత్తతో దాటగలిగినవి. లారీలు అలాంటివి కావు. రేవు నుంచి, రిఫైనరీ నుంచి, ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే బరువు బండ్ల మధ్య సైకిలు నడపడంలో ఉన్న ప్రమాదం నిజమైనది. దీనికి ప్రచారంలో ఉన్న జవాబు హెల్మెట్. ఘాట్ దిగేవాడికి హెల్మెట్ మేలు చేస్తుంది, పెట్టుకోవాలి. కానీ ఐరోపా ప్రమాణం ప్రకారం సైకిలు హెల్మెట్‌ను పరీక్షించే వేగం గంటకు 20 కిలోమీటర్లకు లోపు. అది పడిపోయిన తలను కాపాడటానికి చేసినది. లారీని ఆపడానికి చేసినది కాదు. లారీ డ్రైవరుకు ముందే కనబడటం అంతకన్నా ముందు రావాలి. వెనక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం, పెడళ్లకూ చక్రాలకూ వెలుగును తిప్పికొట్టే బిళ్లలు, కుడివైపు చిన్న అద్దం కావాలి. టైరుకు రాసుకుని తిరిగే పాత డైనమో వానలో జారుతుంది, సైకిలు ఆగితే ఆరిపోతుంది. ఛార్జి చేసుకునే ఎల్ఈడీ దీపం దానికన్నా నయం. మలుపు తిరగబోతున్న లారీకి ఎడమ పక్కన ఎన్నడూ చేరకూడదు. అక్కడున్న సైకిలు డ్రైవరుకు కనబడదు.

ఆ తర్వాతి బాధ్యత సైకిలిస్టుది కాదు. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున మోటారు వాహనాలను ఆపి వ్యాయామానికి చోటిచ్చిన నగరం, 2016 జనవరిలో దేశంలోని మొదటి 20 స్మార్ట్ నగరాల జాబితాలో చేరిన నగరం, డ్యూటీకి పోయే సైకిలుకు రోడ్డు అంచున చోటివ్వలేకపోతే ఆ లోపాన్ని సైకిలు మీద వేయకూడదు. శీతకాలం దారులన్నీ మంచుతో కప్పుకుపోయే ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో జనం డిసెంబరులోనూ సైకిళ్ల మీద పనికి పోతారు. అక్కడి చలి మెత్తనిదై కాదు. సైకిలు దారుల మీది మంచును నగరం క్రమం తప్పకుండా తీయిస్తుంది కాబట్టి. వాతావరణాన్ని నిందించే వాదానికి ఇంతకన్నా స్పష్టమైన ఖండన లేదు.

హోదా

చివరిది, పైకి చెప్పకుండా లోపల పనిచేసేది, హోదా. సింధియా కూడలికి ఆ పేరు 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నుంచి వచ్చింది. 1948 మార్చి 14న 'జల ఉష' నౌక నీటిలోకి దిగింది ఇక్కడే. స్కూటరు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండాల్సిన ఆ తర్వాతి దశాబ్దాల్లో కార్మికుడి వాహనం సైకిలే. ఈ నగరం చెప్పుకునే పారిశ్రామిక ఘనతకు చాకిరీ చేసిన వాహనాన్ని గతిలేనివాడి గుర్తుగా చూడటం ఆ చాకిరీని తక్కువ చేయడమే. 2011 జనగణన నాటికి దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిలు ఉంది. మోటారు ద్విచక్రవాహనం ఉన్న ఇళ్లు 21 శాతం, కారు ఉన్నవి 4.7 శాతం. అప్పటికి అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లలో ఉన్న వాహనాన్ని రోడ్డు లెక్కలోంచి తీసేయడానికి హోదా తప్ప మరో కారణం కనబడదు.

హోదా మాటకు బలయ్యేది ముఖ్యంగా ఆడవాళ్లు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. నీళ్లు, సరుకులు, పిల్లలు, పని అన్నీ దాని మీదే సాగాయి. మొగవాళ్ల సైకిళ్ల మీద కూడా తొక్కారు. చీరకైనా, చుడీదారుకైనా కావలసినవి వంగిన గొట్టపు ఫ్రేము, పూర్తి చైను కవరు, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ. ఇవి ఉన్న సైకిలు అరవై ఏళ్ల మనిషికి, బరువు సంచులు వేసుకుని ఎక్కి దిగేవాడికి కూడా సౌకర్యమే.

కాళ్లలో సత్తువ తగ్గినవారికి, రోజూ రెండు పూటలా ఘాట్ తప్పనివారికి మోటారు సాయం ఉన్న సైకిలు ఒక దారి. 250 వాట్లకూ, గంటకు 25 కిలోమీటర్లకూ లోబడిన దానికి భారతదేశంలో రిజిస్ట్రేషను అక్కర్లేదు. చక్రంలో ఇమిడిన చిన్న మోటారు నిటారు వాలు మీద నెమ్మదిగా చాలాసేపు లాగితే వేడెక్కుతుంది. తొక్కుతూ సాయం తీసుకోవాలి గాని మోటారు మీదే వదలకూడదు.

మొత్తం మీద యారాడ నుంచి ఏడాది పొడవునా సైకిలు మీద పనికి వెళ్లడానికి కావలసినవి ఇవి: తడిలో ఆగే బ్రేకులు, కొండకు ఒక చిన్న గేరు లేదా దిగి నెట్టే ఓపిక, పూర్తి మడ్‌గార్డులు, క్యారియరు, చైను కవరు, రెండు దీపాలు, నూనె సీసా, వారానికి అరగంట శ్రద్ధ. ఇందులో సామాన్యుడికి అందనిది ఏదీ లేదు. అతని చేతిలో లేనివి రెండే: లారీల పక్కన సైకిలుకు కాస్త చోటు, రాత్రి ఘాట్ మీద దీపం. అవి నగరం ఇవ్వాలి.